మాటల వరుస మార్చి రాయడం ఎలా: క్రియను ముందుకు తెచ్చేముందు చూసుకోవాల్సినవి

‘నాన్న వచ్చాడు’ అని రాయాలా, ‘వచ్చాడు నాన్న’ అని రాయాలా? కథలు రాయడం మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. రెండూ సరైన తెలుగే. రెండిటి అర్థమూ ఒకటే. కానీ రెండూ ఒకే చోట పనికిరావు. ఏ చోట ఏది నప్పుతుందో తేల్చుకునే పద్ధతి ఒకటుంది. దాన్ని వరుసగా చెబుతాను.

ముందు పేరు దగ్గర ఒక తికమక తీరాలి. క్రమాలంకారం ఇది కాదు. క్రమాలంకారంలో ముందు చెప్పినవాటికీ తర్వాత చెప్పినవాటికీ వరుస కుదరాలి. ఇక్కడ మనం వాక్యంలో అలవాటైన వరుసను కావాలని తప్పిస్తాం. ఇంగ్లీషు అలంకారశాస్త్రంలో దీన్ని అనాస్ట్రఫీ అంటారు. మన పనికి ‘వరుస మార్చడం’ అనే మాట చాలు.

1. వాక్యాన్ని ముందు తిన్నగా రాసి, ముక్కలుగా పేర్చండి

తిన్నని వాక్యం కాగితం మీద లేకుండా వరుస మార్చడానికి దిగొద్దు. మనసులోనే తిరగేసుకుంటే, ఎక్కడ ఏది జారిపోయిందో తెలియదు.

రాత్రి వానలో నాన్న పొలం నుంచి వచ్చాడు.

దీన్ని నిలువుగా రాయండి:

- రాత్రి
- వానలో
- నాన్న
- పొలం నుంచి
- వచ్చాడు

ఐదు ముక్కలు. ‘పొలం’, ‘నుంచి’ విడివిడి ముక్కలు కావు, కదిలితే కలిసే కదులుతాయి.

తెలుగులో ఈ వీలు విభక్తుల వల్ల వచ్చింది. ఎవరిని, ఎవరికి, ఎక్కణ్ణుంచి అన్నది మాటకు అంటుకునే ఉంటుంది కాబట్టి, ఆ మాట ఎక్కడికి జరిగినా తన పనిని వెంట తీసుకుపోతుంది. ‘రాముడు రావణుణ్ణి చంపాడు’ అనే మూడు మాటల్ని ఆరు రకాలుగా పేర్చవచ్చు. ఆరింటిలోనూ చచ్చేది రావణుడే. అందుకే వరుస మార్చడం మనకు చాలా సులువు. సులువు కాబట్టే అవసరం లేని చోట కూడా మార్చేస్తుంటాం.

2. కదలకూడని జతలకు గుర్తు పెట్టుకోండి

కొన్ని మాటలు జంటగా బతుకుతాయి. పెన్నుతో వాటి కింద ఒకే గీత గీయండి.

- విశేషణం, దాని నామం. ‘ఎర్ర చీర కట్టుకుంది’ని ‘చీర ఎర్ర కట్టుకుంది’ అనలేం.
- ‘వచ్చిన మనిషి’, ‘కాలిన ఇల్లు’ లాంటివి. ‘మనిషి వచ్చిన’ అంటే పాఠకుడు ఇంకో మాట కోసం ఎదురుచూస్తాడు.
- ‘రాముడి ఇల్లు’ లాంటి సంబంధం. తిప్పితే ‘ఇల్లు రాముడిది’ అనే వేరే వాక్యం పుడుతుంది.
- నామమూ క్రియా కలిసి ఒకే పనిని చెప్పేవి. ‘నిద్ర పోయాడు’ని ‘పోయాడు నిద్ర’ అంటే అర్థం చెదురుతుంది.
- జాతీయాలు. ‘అప్పులవాళ్లు రాగానే చేతులెత్తేశాడు’ అంటే తనవల్ల కాదన్నాడని. ‘ఎత్తేశాడు చేతులు’ అంటే నిజంగానే చేతులు పైకెత్తిన మనిషి కళ్లముందు నిలబడతాడు. జాతీయం చచ్చిపోతుంది.
- ‘కూడా’, ‘మాత్రం’, ‘అని’. ఇవి ఏ మాటను పట్టుకుని ఉన్నాయో ఆ మాటతోనే వెళ్లాలి. ‘వచ్చాడు నాన్న కూడా’ సరే. ‘చెప్పాడు రేపు వస్తానని’ కూడా సరే.

3. రాలిపోయిన ‘ను’ను తిరిగి పెట్టండి

ప్రాణం లేని వస్తువులకు మనం ద్వితీయా విభక్తిని తరచుగా వదిలేస్తాం. ‘అన్నం తిన్నాడు’, ‘తలుపు తీసింది’. తిన్నని వాక్యంలో ఇబ్బంది లేదు, చోటే అర్థం చెబుతుంది. చోటు మారిస్తే ఆ ఆసరా పోతుంది.

‘వేరు గోడ చీల్చింది’ని ‘గోడ చీల్చింది వేరు’ అని తిప్పి చూడండి. చదివేవాడు ఒక క్షణం తడబడతాడు. ‘గోడను చీల్చింది వేరు’ అనండి, తడబాటు ఉండదు. కర్తా కర్మా రెండూ ప్రాణం లేనివైతే వరుస మార్చగానే ‘ను’ ఉందో లేదో చూసుకోవడం అలవాటు చేసుకోండి.

4. బరువు ఏ మాట మీద పడాలో ఒక ప్రశ్న వేసుకుని తేల్చుకోండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. నేరుగా క్రియ మీద చెయ్యి వేస్తారు. నిజానికి పదింట ఏడెనిమిదిసార్లు క్రియను కదిలించే పనే ఉండదని నా అనుభవం.

తెలుగు వాక్యంలో క్రియకు సరిగ్గా ముందున్న చోటు బలమైనది. అందుకే ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న ప్రశ్నలు మామూలుగా అక్కడే కూర్చుంటాయి. ‘ఈ గిన్నె ఎవరు పెట్టారు?’ అంటాం. మీ వాక్యం ఏ ప్రశ్నకు జవాబో చూసి, ఆ జవాబును క్రియ పక్కకు జరపండి.

- ఎక్కణ్ణుంచి? రాత్రి వానలో నాన్న పొలం నుంచి వచ్చాడు.
- ఎవరు? రాత్రి వానలో పొలం నుంచి నాన్న వచ్చాడు.
- ఎప్పుడు? నాన్న పొలం నుంచి రాత్రి వచ్చాడు.
- ఎలాంటప్పుడు? రాత్రి నాన్న పొలం నుంచి వానలో వచ్చాడు.

క్రియ కదల్లేదు. బరువు మాత్రం నాలుగు చోట్లకు మారింది. నాలుగింటినీ పైకి చదివితే గొంతు ఎక్కడ లేస్తుందో మీకే తెలుస్తుంది. మీకు కావలసింది ఇంతే అయితే ఇక్కడే ఆగిపోండి.

5. జరిగిన పనే ముఖ్యమైతే క్రియను ముందుకు తెండి

ఇంటిల్లిపాదీ నాన్న కోసం చూస్తున్నారు. ఎవరు రావాలో అందరికీ తెలుసు. తెలియనిదల్లా వస్తాడా రాడా అన్నదే. అప్పుడు రాయాలి:

వచ్చాడు నాన్న.

ఇక్కడ ‘నాన్న’ కొత్త కబురు కాదు. గొంతు ‘వచ్చాడు’ మీద లేచి ‘నాన్న’ మీద దిగిపోతుంది. క్రియను ముందుకు తేవడానికి మొదటి షరతు ఇది: వెనక మిగిలే మాట పాఠకుడికి ముందే తెలిసి ఉండాలి. కథ మొదటి వాక్యంగా ‘వచ్చాడు నాన్న’ అని రాస్తే ఎవరూ ఎదురుచూడలేదు కాబట్టి ఆ ఊరట పుట్టదు.

ప్రవచనాల్లో పెద్దలు చెప్పేది వినే ఉంటారు. లంక నుంచి తిరిగొచ్చిన హనుమంతుడి నోట వాల్మీకి ‘దృష్టా’ (చూడబడింది) అన్న మాటను ముందు పెట్టి, ఎవరిని అన్నది తర్వాత చెప్పించాడు. ‘సీతమ్మను’ అని మొదలుపెడితే ఆ పేరుకూ క్రియకూ మధ్య వినేవాడి గుండె ఆగుతుంది: కనిపించిందా, లేదా? ‘చూశాను’ అంటే ఎవరినో చెప్పక్కర్లేదు. క్రియను ముందుకు తెచ్చే ప్రతిసారీ నేను ఈ సందర్భాన్నే కొలతగా పెట్టుకుంటాను. వినేవాడి ఆత్రం దేనికోసమో అదే ముందు రావాలి.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు.

అక్కర్లేని సర్వనామం. ‘నడుస్తున్నాను నేను, వెతుకుతున్నాను నేను.’ క్రియ చివరి -నులోనే ‘నేను’ ఉంది. తోకలోని ‘నేను’ కొత్తగా ఏమీ చెప్పదు. తీసేయండి. ఇంకెవరూ కాదు, నేనే అన్న పట్టుదల ఉంటే ‘నేనే వెతుకుతున్నాను’ అనండి.

నడుమ ఇరుక్కున్న క్రియ. ‘నేను చూశాను ఒక పక్షిని చెట్టు మీద.’ ఇది వరుస మార్చడం కాదు, ఇంగ్లీషు వాక్యానికి తెలుగు మాటలు తొడగడం. కర్త, క్రియ, కర్మ ఈ వరుసలో పడ్డాయంటే అనుమానించండి. సవరణ: ‘చెట్టు మీద ఒక పక్షిని చూశాను’. లేదా ‘చూశాను, చెట్టు మీద ఆ పక్షిని’. రెండో దానిలో ‘ఒక’ పోయి ‘ఆ’ వచ్చింది గమనించండి. తోకలో మిగిలేది తెలిసినదై ఉండాలని పైన చెప్పుకున్నాం.

‘-ింది’తో వచ్చే రెండర్థాలు. ‘అన్నం వండాడు అన్న’ అంటే వరుస మార్చిన వాక్యమే. ‘అన్నం వండింది అక్క’ అంటే మాత్రం రెండు రకాలుగా వినిపిస్తుంది. ఒకటి, అక్క అన్నం వండింది. రెండు, వండినది అక్కే, ఇంకెవరూ కాదు. ఈ రెండో అర్థం తెలుగులో బలంగా ముందుకొస్తుంది. ‘నేను అడిగింది నిన్ను’, ‘వాడు వెళ్లింది బందరు’ అన్నట్టే చెవికి తోస్తుంది. ఆ పట్టు మీకు కావాలంటే సంతోషం. వద్దనుకుంటే ‘అక్క అన్నం వండింది’ అని తిన్నగానే ఉంచండి. కర్త ఒక ఆడమనిషైనా, జంతువైనా, వస్తువైనా ఈ పరీక్ష తప్పకుండా చేయాలి.

6. ఒక మాటను చివరిదాకా దాచాలంటే ఆగేచోటు చూపించండి

పైదానికి ఇది సరిగ్గా ఎదురు పని. అక్కడ వెనక మిగిలిన మాట తేలిక. ఇక్కడ అదే బరువు. తేడా అంతా మధ్యలో ఆగడంలో ఉంది.

తలుపు తోసుకుని లోపలికి వచ్చింది... దూడ.

ఆగకుండా చదివితే ‘దూడ’ జారిపోతుంది. ఆగితే నిలబడుతుంది. అందుకని ఆ విరామం కాగితం మీద కనిపించాలి. చుక్కలో గీతో మీ ఇష్టం, పేజీకి ఒకసారి మించి వద్దు.

కామా పెట్టేటప్పుడు జాగ్రత్త. ‘వచ్చాడు, రవి’ అని రాస్తే రవిని పిలిచి చెబుతున్నట్టు ఉంటుంది. ‘నాన్నా’, ‘అక్కా’ అని పిలుపులో దీర్ఘం వచ్చే మాటలతో ఈ చిక్కు తక్కువ. పేర్లతో ఎక్కువ.

ఇంకోటి, మన క్రియ సగం రహస్యాన్ని ముందే బయటపెడుతుంది. ‘వచ్చాడు’ అనగానే మగవాడని తెలిసిపోయింది. ‘వచ్చింది’ అంటే ఆడమనిషి కావచ్చు, దూడ కావచ్చు, వరద కావచ్చు. ‘వచ్చారు’ అంటే ఒకరా పదిమందా, ఆడా మగా ఏదీ తేలదు. దాచదలుచుకుంటే ‘వచ్చింది’, ‘వచ్చారు’ పనికొస్తాయి. అలాగని మామూలుగా ‘వాడు’ అనే మనిషికి రహస్యం కోసం ‘వచ్చారు’ వాడితే పాఠకుణ్ణి మోసం చేసినట్టే. దాన్ని వాళ్లు క్షమించరు.

7. కలిపి చెప్పే వాక్యాల్లో ఏది కదలవచ్చు, ఏది కూడదు

షరతు కదులుతుంది, కదిలినప్పుడు కొత్త రుచి వస్తుంది. ‘తాకట్టు పెడితే అప్పు ఇస్తాను’ వ్యాపారం మాట. ‘అప్పు ఇస్తాను, తాకట్టు పెడితే’ అన్నప్పుడు ముందు ఆశ పుట్టి, తర్వాత కొక్కెం తగులుతుంది. షావుకారు పాత్రకు రెండోదే సరైనది.

కారణం కూడా కదులుతుంది. ‘వెళ్లలేదు, అమ్మ ఒక్కతే ఉంటుందని.’

‘చేసి’, ‘తాగి’, ‘లేచి’ లాంటి క్త్వార్థకాలతో మాత్రం ఆలోచించాలి. అవి రెండు రకాల పనులు చేస్తాయి. ‘వానలో తడిసి వచ్చాడు’లో ‘తడిసి’ అన్నది ఎలా వచ్చాడో చెబుతుంది. దీన్ని వెనక్కి పంపవచ్చు: ‘వచ్చాడు, వానలో తడిసి ముద్దై’. కానీ ‘లేచి, మొహం కడుక్కుని, కాఫీ తాగి వెళ్లాడు’లో అవి జరిగిన వరుసను చెబుతున్నాయి. ‘వెళ్లాడు, లేచి, మొహం కడుక్కుని, కాఫీ తాగి’ అంటే కాలం తలకిందులవుతుంది. వాక్యం చివర ఇంకో క్రియ రావాలనీ అనిపిస్తుంది. ఈ రకాన్ని ముట్టుకోకండి.

‘తన’, ‘వాడు’, ‘ఆమె’ ఉన్న వాక్యాలు కూడా ఇలాంటివే. ‘రవి వాళ్లమ్మకు చెప్పాడు’ని ‘వాళ్లమ్మకు చెప్పాడు రవి’ అని తిప్పితే ఆ అమ్మ ఇంకెవరి అమ్మో అనిపించవచ్చు. పేరు ముందు, సర్వనామం తర్వాత.

8. పత్రికల శీర్షికల పద్ధతిని శీర్షికలకే ఉంచండి

‘వంతెన కూలింది’ అని కాకుండా ‘కూలిన వంతెన’, ‘పొంగిన గోదావరి’, ‘తగ్గిన బంగారం ధర’ అని పత్రికలు రాస్తాయి. క్రియను విశేషణంగా మార్చి ముందుకు తేవడం అది. జరిగిందేమిటో మొదటి మాటలోనే తెలుస్తుంది, చోటూ కలిసొస్తుంది. శీర్షికకు అది చక్కని పద్ధతి. కథ మధ్యలో ‘కూలిన వంతెన.’ అని చుక్క పెడితే వాక్యం పూర్తికానట్టే ఉంటుంది. వరుసగా నాలుగు అలాంటివి రాస్తే అది వార్తల స్క్రోలింగులా ఉంటుంది.

9. సంభాషణల్లో వరుస మార్చడానికి భయపడకండి

వచనంలో పొదుపుగా వాడమన్నాను గానీ మాటల్లో అలా కాదు. మనం రోజంతా వరుస మార్చే మాట్లాడతాం.

- ఎంతమ్మా కిలో వంకాయలు?
- ఎప్పుడొచ్చావన్నయ్యా ఊర్నుంచి?
- ఎక్కడ పెట్టావే తాళాలు?
- తిన్నావా అన్నం?
- వచ్చిండా మీ తమ్ముడు?

వీటిని ‘వంకాయలు కిలో ఎంత అమ్మా?’ అని తిన్నగా సర్దితే పాత్ర బజారులో నిలబడి అర్జీ చదువుతున్నట్టు ఉంటుంది. కోపంలో, కంగారులో, ఏడుపులో మనిషి నోట ముందు అసలు మాట పడుతుంది, మిగతాది తర్వాత కలుస్తుంది. చావింట్లో ‘వెళ్లిపోయావా తండ్రీ మమ్మల్నొదిలి’ అని ఏడ్చేవాళ్లు వరుస గురించి ఆలోచించరు. బస్సులో, రైతుబజారులో చెవి ఒగ్గి వినండి. పది వాక్యాలు పుస్తకంలో రాసుకోండి. ఏ వ్యాకరణ పుస్తకమూ ఇంత త్వరగా నేర్పదు.

10. ఒక పేరాను బాగుచేసి చూద్దాం

నేను ఎక్కువగా చూసే చిత్తుప్రతి ఇలా ఉంటుంది:

నిలబడి ఉంది అమ్మ గుమ్మంలో. చూస్తోంది ఆమె దారి వైపు. తడుస్తోంది వాకిట్లో ముగ్గు. రాలేదు ఇంకా నాన్న. వినిపించింది దూరంగా ఎడ్ల మెడలో గంటల చప్పుడు. వచ్చాడు నాన్న.

ఆరు వాక్యాలు, ఆరూ తలకిందులే. రాసినవాళ్లు దీన్ని కవితాత్మకం అనుకుంటారు. మూడో వాక్యం దగ్గరికి వచ్చేసరికి పాఠకుడి చెవి దీనికి అలవాటు పడిపోతుంది. ఆరోది మిగతావాటిలో కలిసిపోతుంది. కథకు కీలకం ఆ ఆరో వాక్యమే!

సవరించే వరుస చెబుతాను. ముందు అన్నిటినీ తిన్నగా చేయండి. ‘అమ్మ’, ‘ఆమె’ పక్కపక్కనే వచ్చాయి, రెండు వాక్యాలను కలిపి ‘ఆమె’ను తీసేయండి. ‘దారి వైపు’కు ఆత్రం కావాలి, అది ఒక్క అక్షరంతో వస్తుంది: ‘దారి వైపే’. ఇక ఏ ఒక్క వాక్యం తలకిందులుగా ఉండాలో ఎంచుకోండి.

అమ్మ గుమ్మంలో నిలబడి దారి వైపే చూస్తోంది. వాకిట్లో ముగ్గు తడిసిపోతోంది. నాన్న ఇంకా రాలేదు. దూరంగా ఎడ్ల మెడలో గంటలు వినిపించాయి. వచ్చాడు నాన్న.

‘నాన్న ఇంకా రాలేదు’లో క్రియ చివర ఉంది. ‘వచ్చాడు నాన్న’లో మొదట ఉంది. ఆ రెండూ ఒకదానికొకటి బదులు చెప్పుకుంటున్నాయి. నాలుగు తిన్నని వాక్యాల తర్వాత వచ్చింది కాబట్టి ఐదోది వినిపించింది. పేరాకు ఒకటి అన్నది నేను పెట్టుకున్న హద్దు. మొదటి ఏడాది మీరూ అదే పాటించండి.

11. పద్యం రాసేవాళ్లకు ఒక్క మాట

పద్యంలో యతిప్రాసలు, గణాలు మాటల్ని ఎలాగూ జరుపుతాయి. అక్కడ ప్రమాదం దూరాన్వయం: ఒకదానితో ఒకటి కలవాల్సిన మాటలు పాదాల దూరంలో పడిపోవడం. విశేషణాన్నీ విశేష్యాన్నీ వీలైనంతవరకు ఒకే పాదంలో ఉంచండి. బడిలో పద్యానికి అన్వయక్రమం, అంటే మాటల్ని తిన్నని వాక్యం వరుసలో పేర్చి రాసినట్టే, మీ పద్యానికి మీరే రాసుకోండి. అన్వయం రాయడానికి మీకే నిమిషం పట్టిందంటే మళ్లీ కట్టుకోవాల్సిందే.

12. చివరిసారి చూసుకునే పట్టిక

- తిన్నని వాక్యం పక్కన రాసి ఉందా?
- జంట మాటలు విడిపోలేదు కదా? జాతీయం విరగలేదు కదా?
- ‘ను’ కావాల్సిన చోట ఉందా?
- క్రియ ముందు చోటును వాడుకుంటే సరిపోయేదా?
- క్రియ వెనక మిగిలిన మాట తెలిసినదా, దాచినదా? దాచినదైతే విరామం కనిపిస్తోందా?
- ‘-ింది’ వాక్యం అనుకోని రెండో అర్థం ఇస్తోందా?
- కర్త, క్రియ, కర్మ అనే ఇంగ్లీషు వరుస పడిందా?
- పక్క వాక్యాలు తిన్నగా ఉన్నాయా?
- మాటలు కలిసేచోట సంధి సాఫీగా ఉందా? ‘వచ్చాడతడు’ అని నోరు తిరుగుతోందా, తడబడుతోందా?
- పైకి చదివినప్పుడు గొంతు మీరు అనుకున్న మాట మీదే లేచిందా?

చివరి ప్రశ్నకు జవాబు మీరు చెప్పకండి. పేజీని ఇంట్లో ఇంకెవరికైనా ఇచ్చి పైకి చదవమనండి. ఏ మాట మీద బరువు వేయాలో ముందుగా చెప్పొద్దు. మీరు తిప్పిన వాక్యం దగ్గర వాళ్లు వెనక్కి వెళ్లి రెండోసారి చదివితే, దాన్ని తిన్నగా మార్చేయండి.